జ్వరమున లంఖణము తగని బిడ్డలు

మెదడు అడుగున సెనగగింజంత పరిమాణమున వ్రేలాడు పీయూషగ్రంథి స్రవించు పెరుగుదల హార్మోను, బిడ్డను పొడవు చేయుటకు మాత్రమే యున్నదని పలువురి తలంపు. కాని ఉపవాసవేళ క్రొవ్వును కరగించి, రక్తమునందలి చక్కెర పడిపోకుండ కాపాడుటలోను దానికి పాలు కలదు.

ఈ హార్మోను కొఱవడిన బిడ్డకు వైరస్ జ్వరము సోకినచో ఏమగును? రోగనిరోధకశక్తి సామాన్యముగా చెక్కుచెదరదు. జలుబైనను ఆటలమ్మయైనను తక్కిన పిల్లలకు వలెనే వచ్చి పోవును. దీనికి విలక్షణమైన అపవాదమొకటి కలదు: ‘స్టాట్ 5బి’ అను ప్రోటీను పెరుగుదల హార్మోను సందేశమునే గాక, తెల్లరక్తకణములకు వలయు ఇంటర్‌ల్యూకిన్ 2 సందేశమును గూడ కణకేంద్రకమునకు చేరవేయును గనుక, ఆ ప్రోటీనును నిర్మించు జన్యువు చెడినవారు పొట్టిగా నుండుటయే గాక, తీవ్రమైన ఆటలమ్మకును ఊపిరితిత్తుల రుగ్మతలకును లోనగుదురు. 2003లో తొలిసారి వెల్లడియైన ఈ స్థితిలో హార్మోను సమృద్ధిగానే యుండును. దాని మాటయే చెల్లదు.

హార్మోను కొఱవడిన బిడ్డకు అసలు ప్రమాదము వేఱొకచోట నున్నది. అన్నము ముట్టక, వాంతులతో రాత్రి గడపిన బిడ్డ తెల్లవారుసరికి చెమటలు పట్టి మగతగా పడియుండినచో, అది జ్వరతాపము గాక చక్కెర పడిపోవుట కావచ్చును. కార్టిసాల్ అను మఱియొక హార్మోను గూడ లోపించినపుడు ఈ భయము ఇనుమడించును. లంఖణము పరమౌషధమను పెద్దల మాట ఇచట పనికిరాదు.

తల్లిదండ్రులారా, అట్టి బిడ్డకు జ్వరము రాగానే కొద్దికొద్దిగా గంజియో పండ్లరసమో పట్టుచుండుడు. కార్టిసాల్ లోపమునకు హైడ్రోకార్టిసోన్ వాడుచున్నచో వైద్యుడు ముందుగా చెప్పిన మేరకు మోతాదు పెంచుడు. మందు కడుపున నిలువనిచో తక్షణమే ఆసుపత్రికి కొనిపొండు.