ఒకే క్యూతో

 

నేను స్నూకర్ నేర్పుతాను. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారంలోనే అడుగుతారు: "సార్, ఏ క్యూ కొనమంటారు?" క్యూ అంటే బంతిని కొట్టే కర్ర. యాష్ కర్రా, మేపులా? కొసన ఉండే టిప్ 9.5 మిల్లీమీటర్లా, 10 మిల్లీమీటర్లా? బరువు 17 ఔన్సులా, 18 ఔన్సులా? అడగాల్సిన ప్రశ్నలే. ఆరు నెలలు గడిచాక కూడా అదే ప్రశ్నతో వచ్చేవాళ్ళను చూస్తే మాత్రం నాకు బాధేస్తుంది. ఈలోగా వాళ్ళ చేతిలో క్యూలు మారి ఉంటాయి, ఆట ఉన్నచోటే ఉంటుంది.

ఈ ఆట మన దేశంలో పుట్టింది. 1875లో జబల్‌పూర్‌లోని ఆర్మీ ఆఫీసర్ల మెస్‌లో నెవిల్ ఛాంబర్లేన్ అనే కుర్ర అధికారి బిలియర్డ్స్ బల్ల మీద రంగు బంతులు కలిపి మొదలుపెట్టాడని చెబుతారు. నియమాలు రాసి గోడకు పెట్టింది ఊటీ క్లబ్‌లో. ఆ తర్వాత నియమాల పుస్తకం ఎంత పెరిగినా క్యూ విషయంలో అడిగేది ఇప్పటికీ కొంచెమే. పొడవు 3 అడుగులకు తగ్గకూడదు, కొసకు సన్నబడే పాత ఆకారం మారకూడదు, సన్నటి కొసన టిప్ ఉండాలి. ధర ఊసే లేదు.

స్టీఫెన్ హెండ్రీ పేరు మీలో కొందరైనా వినే ఉంటారు. స్కాట్లండ్ ఆటగాడు. 1990లో 21 ఏళ్ళకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1999 నాటికి ఏడుసార్లు అయ్యాడు. ఆ ఏడు టైటిళ్ళూ చిన్ననాటి నుంచి వాడిన ఒక్క క్యూతోనే గెలిచాడు. దాని ధర 40 పౌండ్లు. 2003లో విమానంలో సామానుతో పాటు వెళ్ళి అది విరిగిపోయింది. కొత్త క్యూతోనూ హెండ్రీ గెలిచాడు. 2005లో మాల్టా కప్ అందుకున్నాడు, 2006లో మళ్ళీ ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. ప్రపంచ టైటిల్ మాత్రం ఇక రాలేదు. దానికి విరిగిన క్యూయే కారణమని నేననను. అది చేతిలో ఉండగానే నాలుగేళ్ళుగా రాలేదు కదా. అయినా ఆ కర్ర పోవడం చిన్న నష్టమని కూడా అనలేను. ఎందుకో చెబుతాను.

తెల్ల బంతిని మధ్యలో కాకుండా పక్కన కొడితే, మన భాషలో సైడ్ పెడితే, అది మనం గురిపెట్టిన గీత మీద పోదు. కొంచెం అవతలికి జరిగి పోతుంది. ఎంత జరుగుతుందన్నది చాలావరకు క్యూ కొస బరువును బట్టి ఉంటుంది. కొస తేలికైతే తక్కువ, బరువైతే ఎక్కువ. ఆటగాడు ఆ తేడాకు తగ్గట్టు ముందే గురి సర్దుకుంటాడు. ఏళ్ళ తరబడి కొట్టగా చేతికి అబ్బిన లెక్క అది. ఒక క్యూతో నేర్చిన లెక్క ఇంకో క్యూకు అచ్చంగా సరిపోదు. హెండ్రీ పోగొట్టుకున్నది 40 పౌండ్లు కాదు, ఆ లెక్క.

మీలో ఎవరైనా ఎప్పుడైనా బల్ల దగ్గరికి వెళితే ఇది చేసి చూడండి. తెల్ల బంతిని బ్రౌన్ బంతి ఉండే స్పాట్ మీద పెట్టి, అదే వరుసలోని బ్లూ, పింక్, బ్లాక్ స్పాట్‌ల మీదుగా పై అంచు కుషన్‌కు తిన్నగా కొట్టండి. క్యూను చాచినచోటే కదలకుండా ఉంచండి. బంతి వెనక్కి వచ్చి టిప్‌ను తాకాలి. పోనూ రానూ దాదాపు 5.6 మీటర్ల ప్రయాణం. బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు. టిప్ వెంట్రుకవాసి కుడికి తగిలితే చాలు, కుషన్ తాకాక బంతి కుడికి వాలుతుంది. మీకు ఎడమకు వచ్చిందనుకోండి. రేపూ ఎల్లుండీ ఎడమకే వస్తే అది మంచి కబురు. తప్పు ఒకేచోట ఉంది, పట్టుకోవచ్చు. మోచేయి పక్కకు పోతోందా? క్యూ గడ్డం కింద నుంచి జరిగిందా? కొట్టే క్షణంలో తల లేస్తోందా? ఒక్కొక్కటే చూసుకుంటూ పోవచ్చు. మధ్యలో క్యూ మార్చారా, బంతి ఇంకోవైపు పోవచ్చు, తప్పు మీదో కర్రదో తేల్చే దారి మూసుకుపోతుంది. సాధన అంటే ఎక్కువ గంటలు కొట్టడమని చాలామంది అనుకుంటారు. తప్పు ఎక్కడుందో తేలేదాకా మిగతావేవీ కదపకుండా ఉండటం నా దృష్టిలో సాధన. అది గంటల కన్నా కష్టం.

నా దగ్గర నేర్చుకున్న ఒకమ్మాయికి సొంత క్యూ కొనే స్తోమత లేదు. స్నూకర్ పార్లర్‌లో అందరూ వాడే వాటిలోంచి ఒకటి ఎంచుకుంది. దాని మందపాటి చివర, బట్ మీద, చిన్న గుర్తు పెట్టుకుంది. ఓనర్‌ను బతిమాలి దాన్ని కౌంటర్ వెనక పెట్టించేది. ఇంకెవరు ఖరీదైన క్యూ ఇచ్చినా తీసుకునేది కాదు. ఆ పట్టుదల అంటే నాకు చాలా గౌరవం.

ఆడలేక మద్దెల ఓడు అనే సామెత మనందరికీ వచ్చు. నిజంగానే ఓడైన మద్దెలలూ ఉంటాయి. క్యూను కంటి దగ్గర పెట్టుకుని కొస దాకా చూస్తే వంకర కనబడుతుంది. ముక్కలు కలిసే జాయింట్ వదులైతే షాట్ కొట్టినప్పుడు టక్కుమంటుంది. టిప్ నలిగితే అంచులు కర్ర దాటి బయటికి వస్తాయి. ఇదంతా చూసుకోవడానికి ఒక పూట చాలు. తిన్నగా ఉండి, బరువు చేతికి కుదిరితే అదే మీ క్యూ. వెతుకులాట అక్కడితో ఆపేయండి.

పట్టా అందుకుంటున్న మీకూ రేపటి నుంచి ఎంచుకోవాల్సినవి ఉన్నాయి. ఉద్యోగం, ఊరు, రీసెర్చ్ గైడు, సివిల్స్‌కు ఆప్షనల్. అమీర్‌పేటలో ఒక కోర్సు సగంలో వదిలి పక్క బోర్డు కిందికి వెళ్ళేవాళ్ళను, అశోక్‌నగర్‌లో ఏటా నోట్సు మార్చేవాళ్ళను మీరూ చూసే ఉంటారు. వాళ్ళలో తెలివి తక్కువవాళ్ళు లేరు. తమ తప్పు ఎటు పోతోందో చూసుకునేంత కాలం వాళ్ళు ఒకచోట ఉండలేదు, అంతే. మీరు ఉండండి. అయితే మనిషిని అవమానించే చోట, జీతం ఎగ్గొట్టే చోట ఉండి ఓర్పు నేర్చుకోమని ఎవరైనా చెబితే వినొద్దు. అది వంగిన కర్ర. దానితో ఎంత కొట్టినా మీ తప్పు మీకు కనబడదు. ఆ రోజే మార్చేయండి.