హాక్ శిక్షణ విమానం – ఇరవై రెండేళ్ల నిరీక్షణ

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విమానాల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. యుద్ధ విమానాల కబుర్లు పత్రికల్లో చదువుతూనే ఉంటాం. వాటిని నడిపే కుర్రవాడు ముందు దేని మీద నేర్చుకుంటాడన్నది మాత్రం మనకు అంతగా పట్టదు. అందుకని ఈరోజు హాక్ అనే జెట్ శిక్షణ విమానం గురించి మనవి చేస్తాను.

హాక్ పుట్టినిల్లు ఇంగ్లాండు. హాకర్ సిడ్లీ కంపెనీ తయారుచేసిన ఈ విమానం 1974 ఆగస్టు 21న మొదటిసారి ఎగిరింది. 1976లో బ్రిటిష్ వైమానిక దళంలో చేరింది. సీట్లు రెండు, ఒకదాని వెనుక ఒకటి. ముందు సీట్లో విద్యార్థి, వెనుక సీట్లో గురువు. వెనుక సీటును బాగా ఎత్తులో అమర్చారు. దానివల్ల శిష్యుడి తలమీదుగా గురువుగారికి రన్‌వే కనిపిస్తుంది. ఇంజను ఒక్కటే, పేరు అడూర్. మన జాగ్వార్ విమానాల్లో ఉన్నదీ ఆ కుటుంబపు ఇంజనే. కాకపోతే హాక్‌లో దానికి ఆఫ్టర్ బర్నర్ ఉండదు కనుక ఇంధనం ఆదా అవుతుంది.

బయటి దేశాల్లో మొదట కొన్నది ఫిన్లాండ్. 1977లో 50 విమానాలకు ఆర్డరు ఇచ్చింది. ఆ తర్వాత కెన్యా, ఇండొనేషియా, జింబాబ్వే, గల్ఫ్ దేశాలు, దక్షిణ కొరియా, మలేషియా, కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా ఇలా వరుస కట్టాయి. అమెరికా నౌకాదళం దీన్నే మార్చి గాస్‌హాక్ అని పేరు పెట్టుకుంది. ఓడ మీద దిగాలి కనుక చక్రాల కాళ్లు గట్టిపరిచి, తోకకింద కొక్కెం తగిలించారు. అన్ని రకాలూ కలిపి వెయ్యికి పైగా తయారయ్యాయి. బ్రిటన్‌లో రెడ్ యారోస్ అనే విన్యాస బృందం 1980 నుంచి వీటి మీదే ప్రదర్శనలిస్తోంది.

శిక్షణ విమానమే అయినా రెక్కల కింద ఆయుధాలు తగిలించవచ్చు. అక్కడే వివాదం వచ్చింది. ఇండొనేషియాకు అమ్మే హాక్‌లను తూర్పు తైమూర్ ప్రజల మీద వాడతారని 1996 జనవరిలో కొందరు మహిళలు ఇంగ్లాండులోని కర్మాగారంలో ప్రవేశించి, సుత్తులతో ఒక విమానాన్ని పాడుచేశారు. ఆ జులైలో లివర్‌పూల్ కోర్టులో జ్యూరీ వారిని నిర్దోషులని విడిచిపెట్టింది. పాఠం చెప్పే విమానమైనా ఎవరి చేతిలో పడుతుందన్నది ముఖ్యమే కదా.

ఇక మన దేశం సంగతి. మన కుర్రవాళ్లు హకీంపేటలోనూ, దుండిగల్‌లోనూ కిరణ్ విమానాల మీద నేర్చుకునేవారు. 1964లో మొదటిసారి ఎగిరిన కిరణ్ మన హెచ్.ఎ.ఎల్. తయారీ. మంచి విమానం. అయితే వేగం గంటకు సుమారు 700 కిలోమీటర్లు మాత్రమే. అక్కడినుంచి తేజ్‌పూర్ వెళ్లి ఏకంగా మిగ్-21 ఎక్కేవారు. అది ధ్వని వేగానికి రెండింతలు పోతుంది. దిగేటప్పుడు కూడా వేగం గంటకు మూడు వందల కిలోమీటర్ల పైమాటే. సైకిలు నేర్చిన పిల్లవాణ్ణి తిన్నగా లారీ ఎక్కించి ఘాట్ రోడ్డు మీదికి పంపితే ఎలా ఉంటుంది? ఇదీ అంతే.

నడుమ ఇంకో మెట్టు కావాలని 1982లోనే లాఫాంటేన్ కమిటీ సిఫారసు చేసింది. ఒప్పందం మీద సంతకాలు పడింది 2004లో. నడిచింది ఇరవై రెండేళ్లు! ఏ విమానం కొనాలి, ధర ఎంత, ఏ దేశానిది అన్న చర్చలతోనే కాలం గడిచింది. 2012లో రక్షణ మంత్రి ఆంటోనీగారు పార్లమెంటుకు చెప్పిన లెక్క వినండి: సుమారు నలభై ఏళ్లలో 482 మిగ్ విమాన ప్రమాదాలు, 171 మంది పైలట్ల మరణం. అన్నిటికీ శిక్షణ లోపమే కారణమని నేననను. యంత్ర లోపాలున్నాయి, పక్షులు తగిలినవున్నాయి. కానీ ఆ నడిమి మెట్టు ఉండి ఉంటే కొన్ని ఇళ్లల్లో దీపాలు ఆరకపోయేవని మాత్రం చెప్పగలను.

2004లో 66 హాక్‌లకు ఒప్పందం కుదిరింది. 24 ఇంగ్లాండు నుంచి, మిగిలిన 42 బెంగుళూరు హెచ్.ఎ.ఎల్. నుంచి. 2008 ఫిబ్రవరిలో మనకు దగ్గరే ఉన్న బీదర్‌లో వైమానిక దళంలో చేరాయి. 2010లో మరో 57కు ఆర్డరు ఇచ్చారు. వాటిలో 17 నౌకాదళానివి. 2013 నవంబరులో మన విశాఖపట్నం ఐ.ఎన్.ఎస్. డేగాలో నౌకాదళం తొలి హాక్‌లను స్వీకరించింది. కిరణ్‌ల మీద పేరు తెచ్చుకుని 2011లో ఆగిపోయిన సూర్యకిరణ్ బృందం 2015లో హాక్‌ల మీద మళ్లీ ఎగిరింది. మిగ్-21 కూడా 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది.

మిత్రులారా, మనమంతా ఫైళ్ల మధ్య జీవితం గడిపినవాళ్లం. 'మరొకసారి పరిశీలించి సమర్పించుడి' అని రాయడం ఎంత సులువో మనకు తెలుసు. ఆ ఒక్క వాక్యం అవతల ఎవరో ఒకరి బిడ్డ ఆకాశంలో ఉంటాడు. ఈనాడు మన పిల్లలు, మనుమలు ఆఫీసుల్లో ఆ కుర్చీల్లో కూర్చుంటున్నారు. శిక్షణకు పెట్టే ఖర్చు దండగ కాదని, ఆలస్యానికీ ఖరీదు ఉంటుందని వారికి చెప్పవలసింది మనమే.

 జై హింద్.