ఆగని యంత్రాలకు మన మాటలు



ప్లాటినం జూబిలీ వేళ కంప్యూటరు మాటలపై ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చు. రేయింబవళ్ళు ఆగకుండా పనిచేయవలసిన సర్వర్లను కనిపెట్టుకొని ఉండటం నా వృత్తి. అందులో నేను చేసిన మొదటి పెద్ద తప్పు ఒక మాటకు అర్థం తెలియక చేసినదే.

ఆ మాట ‘రిడండెన్సీ’. నిఘంటువులో చూస్తే ‘అనవసరమైన అధికత్వం’ వంటి అర్థం కనిపిస్తుంది. ‘ఏదైనా రెండేసి ఉండటం’ అని నేను బట్టీపట్టాను. ఒక కార్యాలయంలో సర్వరుకు రెండు పవర్ సప్లైలు ఉండేవి. రెండింటి తీగలనూ ఒకే ప్లగ్గుల పలకకు తగిలించి నిశ్చింతగా ఇంటికి పోయాను. ఒక రాత్రి ఆ పలకకు వచ్చే ఫ్యూజు ఎగిరిపోయింది. రెండూ ఒక్కసారే ఆరిపోయినవి. మనం ‘మారు తాళంచెవి’ అంటాము గదా! దానిని అసలు చెవితో కలిపి ఒకే గుత్తికి కట్టి పారవేసుకొంటే ఏమి ప్రయోజనం? ‘మారు’ అనే ఆ చిన్న మాట నాకు ముందే తోచి ఉంటే, మారు పవర్ సప్లైకి మారు దారి కూడా ఉండాలని తెలిసేది.

ఇంతకన్న ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఈ శాస్త్రంలో ఫాల్ట్, ఎర్రర్, ఫెయిల్యూర్ అనే మూడు మాటలకు మూడు వేర్వేరు అర్థాలు. మనం మూడింటినీ ‘చెడిపోయింది’ అని సరిపెడతాము. ఇది షోలాపూరు గనుక మగ్గం భాషలో చెబుతాను. పడుగులో ఒక పోగు నలిగి ఉండటం లోపం. అది తెగి గుడ్డలో గీత పడటం దోషం. ఆ దుప్పటిని కొన్నవాడు తిప్పి పంపటం వైఫల్యం. లోపాలను పూర్తిగా నివారించటం ఎవరి తరమూ కాదు. అవి వైఫల్యందాకా పోకుండా నడుమనే పట్టుకోవటం ‘ఫాల్ట్ టాలరెన్స్’. దానిని ‘లోప సహనం’ అనవచ్చు గాని నాకు రుచించదు. చూస్తూ ఊరకున్నట్లు ధ్వనిస్తుంది. ‘లోపాన్ని తట్టుకోవటం’ అంటే చాలు.

ఈ నడుమ పట్టుకోవటంలోనే నేర్పంతా ఉన్నది. 1950లో రిచర్డ్ హామింగ్ ప్రకటించిన సంకేత పద్ధతి ఆధారంగా సర్వరు మెమరీ ఒక బిట్ తారుమారైతే తానే దిద్దుకొంటుంది. రెండైతే దిద్దలేకపోయినా పసిగడుతుంది. 1974లో అమెరికాలో స్థాపితమైన టాండెమ్ సంస్థ 1976లో తొలి ‘నాన్‌స్టాప్’ యంత్రాన్ని అందించింది. అందులో ప్రాసెసరు తన తప్పు తెలియగానే ఆగిపోయేది. పనిని మరొక ప్రాసెసరు అందుకొనేది. ఆగని యంత్రంలో ఆగిపోయే భాగాలా అని నవ్వకండి. పేక తెగగానే మరమగ్గం తనంతట ఆగటం మీరెరిగినదే. ఆగకపోతే గజాలకొద్దీ గుడ్డ పాడు!

కొన్ని సర్వర్లను తీగలతో కలిపి ఒక్కటిగా నడిపితే క్లస్టరు. సర్వరు, క్లస్టరు, డిస్కు వంటి వస్తువుల పేర్లను అట్లే ఉంచుదాము. రైలు, బస్సు మనవి కాలేదా? భావాలకు మాత్రం పిల్లలకు ఇంటిమాట కావాలి. క్లస్టరులోని యంత్రాలు క్షణక్షణమూ ‘బ్రతికే ఉన్నాను’ అని ఒకదానికొకటి సంకేతం పంపుకొంటవి. ఇంగ్లీషులో దీనిని హార్ట్‌బీట్ అంటారు; మనకు ‘నాడి’ ఉన్నది. నాడి అందకపోతే రెండవది పని చేపడుతుంది.

చిక్కంతా ఇక్కడే. రెండూ బ్రతికే ఉండి నడుమ తీగ మాత్రమే తెగితే? ఎదుటిది పోయిందని ప్రతి ఒక్కటీ తలచి, రెండూ ఒకే డిస్కుమీద వ్రాయసాగుతవి. లెక్కలన్నీ కలగాపులగమవుతవి. దీనికి విరుగుడు మనకు శాసనసభ వార్తలలో పరిచయమైన మాటే: కోరం. మూడు యంత్రాలుంటే, రెండు ఒకచోట కూడినప్పుడే అధికారం. ఒంటరిగా మిగిలినది చేతులు కట్టుకొని కూర్చోవాలి.

ఆ ప్రమాదాన్ని ఇంగ్లీషులో ‘స్ప్లిట్ బ్రెయిన్’ అంటారు. నేను ‘జంట పెత్తనం’ అనుకొంటున్నాను. పూర్తిగా తృప్తి కలగలేదు. ఇక్కడ కూర్చున్న తొమ్మిదో తరగతి పిల్లలలో ఎవరికైనా ఇంతకన్న మంచి మాట తోస్తే, కాగితంమీద వ్రాసి ప్రధానోపాధ్యాయులవారికి ఇవ్వండి. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకొంటాను.