అరుగూ, రచ్చబండా
(ఖోర్ ఫక్కాన్ సాంస్కృతికోత్సవ ప్రసంగ పాఠం)



ఊళ్ళో మనకు మాట్లాడుకునే చోట్లు రెండుండేవి. ఒకటి అరుగు, రెండోది రచ్చబండ. అరుగు ఇంటివాడిది. మన మాట నచ్చకపోతే లేచి వెళ్ళమనే హక్కు ఆయనకుండేది. రచ్చబండ ఊరందరిదీ. అందరిదీ అని పేరే గాని, దళితులకూ ఆడవారికీ దానిమీద ఎంత చోటు దొరికిందో మనకు తెలియనిది కాదు. అయినా అది ఏ ఒక్కరి సొత్తూ కాదన్న భావన మాత్రం మన వెంట వచ్చింది.

ఇక్కడ, ఈ కొండలకూ సముద్రానికీ నడుమ, మనకున్నవన్నీ అరుగులే. లేబర్ క్యాంపు కంపెనీది. హాలు దాని యజమానిది. చేతిలో ఫోను మనదే గాని, అందులోని వాట్సాప్, ఫేస్‌బుక్ ఎక్కడో ఉన్న కంపెనీవి. వాటిని రచ్చబండ అనుకోవడమే మన పొరపాటు.

యజమాని హక్కుకు హద్దు లేదా? కొన్నిచోట్ల ఉన్నది. అమెరికాలో, అలబామా రాష్ట్రంలో, చికసా అనే ఊరు మొత్తం ఒక ఓడల నిర్మాణ కంపెనీ సొత్తుగా ఉండేది. అక్కడ మత పత్రికలు పంచబోయిన ఒక స్త్రీకి శిక్ష పడితే, ఆస్తి కంపెనీదైనా ఊరు ఊరేనంటూ 1946లో అక్కడి సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. మన దేశంలో, ఆన్‌లైన్ మాటలకు జైలు చూపించిన 66ఎ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

కాని ఆ తీర్పులు మనతో విమానమెక్కి రావు. ఈ దేశ రాజ్యాంగం 30వ అధికరణం భావ ప్రకటనకు చట్టం పరిధిలోనే హామీ ఇస్తున్నది. ఆ పరిధిని 2021 నాటి 34వ నంబరు సైబర్ చట్టం గీసింది. ఇంటర్నెట్‌లో ఒకరిని దూషిస్తే జైలు గాని, రెండున్నర లక్షల నుంచి అయిదు లక్షల దిర్హాముల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. అనుమతి లేకుండా ఒకరి ఫొటో తీసి పెట్టినా, వదంతిని మరొకరికి పంపినా చిక్కే.

జీతం ఆగిన తమ్ముడికి కోపం రావడం న్యాయమే. ఆ కోపంలో మేనేజరును పేరు పెట్టి తిట్టి వీడియో పెడితే, జీతం మాట వెనకబడి తానే ముద్దాయి అవుతాడు. అదే మాట మానవ వనరుల మంత్రిత్వశాఖకు ఫిర్యాదుగా చేరితే దానికి బలమున్నది. బ్యాంకుల ద్వారా జీతాలు చెల్లించే పద్ధతి 2009లోనే వచ్చింది. జీతం పడిందో లేదో లెక్కే చెబుతుంది. దుబాయిలో మన కాన్సులేట్ కూడా ఉన్నది.

నోరు మూసుకోమని మేము చెప్పడం లేదు. మన సంఘం గ్రూపు కూడా ఒక అరుగే. దాని యజమానులం మేమే. ఇబ్బందికరమైన మాటను తుడిచివేయడం మాకు క్షణంలో పని. కాని అంతటితో ఊరుకుంటే, ఆ తమ్ముడి కష్టాన్నీ తుడిచివేసినవాళ్ళమవుతాము. మాట తీసేసిన చేయే అతనికి అర్జీ రాసిపెట్టాలి. మాలో ఒకరు అతని వెంట ఆఫీసుకు నడవాలి. అంతమాత్రం చేయలేకపోతే, ఆ అరుగు మీద కూర్చునే హక్కు ముందు మాకే లేదు.