చేతికీ చదువు కావాలి



మొదటిసారి పలక పట్టిన రోజు గుర్తుందా? 'అ' రాయబోతే బలపం ఒక పక్కకి, చెయ్యి ఒక పక్కకి పోయింది. మరి ఇప్పుడు? సంతకం పెట్టేటప్పుడు ఏ గీత ఎటు తిప్పాలో ఆలోచిస్తున్నారా? లేదు. చెయ్యే రాసుకుంటూ పోతుంది. ముగ్గు వెయ్యడం, జడ అల్లడం కూడా అంతే. చేసి చేసి అలవాటైన పనిని మెదడు దాచుకుంటుంది. అదే కదలికల జ్ఞాపకం.

కొందరు పిల్లలకు ఈ జ్ఞాపకం త్వరగా నిలవదు. ఒక ఊళ్ళో ఆరేళ్ళ పాప ఉంది. నిన్న గ్లాసు పట్టుకుని నీళ్ళు తాగింది. ఇవాళ ఒలకబోసింది. "నిన్న వచ్చింది, ఇవాళ రాదా? ఒట్టి బద్ధకం!" అని తల్లి వీపు మీద ఒకటి వేసింది. ఆ తర్వాత పాప గ్లాసు ముట్టుకోవడమే మానేసింది.

పాపది బద్ధకం కాదు. ఆమెకు సెరిబ్రల్ పాల్సీ ఉంది. ఎదిగే మెదడు దెబ్బ తింటే ఇది వస్తుంది. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు గానీ, కాన్పులో గానీ, పుట్టాక గానీ ఆ దెబ్బ తగలొచ్చు. నెలలు నిండకుండా పుట్టినా, పుట్టగానే ఊపిరి అందకపోయినా, పసికందుకు కామెర్లు బాగా ముదిరినా రావచ్చు. ఇది గ్రహణం వల్ల రాదు. తల్లి చేసిన పాపమూ కాదు. అంటుకునే జబ్బూ కాదు.

ఈ పిల్లల్లో మెదడు చెప్పిన మాట కండరాలకు సరిగ్గా అందదు. కండరాలు బిగుసుకుపోతాయి. కొందరిలో వాటంతట అవే కదులుతాయి. గ్లాసు ఎత్తిన ప్రతిసారీ చెయ్యి ఒక్కో తీరుగా పోతుంది. పదిసార్లు పది దారుల్లో నడిస్తే కాలిబాట పడుతుందా? ఒకే దారిన నడిస్తేనే పడుతుంది.

తల్లి పాపను మండలంలోని భవిత కేంద్రానికి తీసుకుపోయింది. ఫిజియోథెరపీ డాక్టరు ఇలా చెప్పారు:

పాపను వీపుకి ఆసరా ఉండేలా, పాదాలు నేలకి ఆనేలా కూర్చోబెట్టాలి.

రెండు పిడుల కప్పు ఇవ్వాలి. అందులో కొద్దిగానే నీళ్ళు పొయ్యాలి.

రోజూ అదే చోట, అదే మాటతో చేయించాలి.

ఒక్కసారే గంటసేపు వద్దు. కొంచెం కొంచెంగా రోజుకి నాలుగైదుసార్లు చాలు.

తొందరపడి మనమే తాగించెయ్యకూడదు. ఆగి చూడాలి.

కొన్ని నెలలకు పాప రెండు చేతులతో కప్పు ఎత్తింది. జ్వరమొచ్చి లేచాక మళ్ళీ ఒలకబోసింది. భయంగా తల్లి మొహం చూసింది. ఈసారి తల్లి కొట్టలేదు. "ఏం కాదులే, మళ్ళీ ఎత్తు" అంది.

ఇలాంటి బిడ్డ ఉంటే ఆలస్యం చెయ్యకండి. ఆశా కార్యకర్తకు చెప్పండి. సదరం క్యాంపులో సర్టిఫికెట్ తీసుకోండి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా దగ్గరి బడిలో ఉచితంగా చదివే హక్కు ఉంది. 2016లో వచ్చిన చట్టం ఆ మాట చెప్పింది.

మీకు అక్షరం ఒక్కరోజులో రాలేదు. దిద్ది దిద్ది నేర్చుకున్నారు. ఆ బిడ్డకి ఇంకొంచెం ఎక్కువసార్లు దిద్దుకునే ఓపిక మనం ఇవ్వాలి.