హోమ్స్ చేతికి పాచికలు

బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. 1974లో అమెరికాలో పుట్టింది. అందులో షెర్లాక్ హోమ్స్‌ని తయారు చేయాలంటే ఎలా?

సగం పని హోమ్స్ కథలు చెప్పే అతని మిత్రుడు డాక్టర్ వాట్సన్ 1887లోనే చేసిపెట్టాడు. తొలి నవలలో హోమ్స్ విద్యలకు పట్టికే రాశాడు: రసాయనశాస్త్రం అపారం, ఖగోళం సున్నా, సాహిత్యమూ సున్నా, వయొలిన్, బాక్సింగ్, కత్తిసాము బాగా వచ్చు. ఆటలో పాత్ర వివరాలు రాసుకునే కాగితం దాదాపు ఇలాగే ఉంటుంది! ఆ సున్నాలను కొట్టేయకండి, మనిషి కనిపించేది అక్కడే.

తెలివికి పెద్ద అంకె ఇవ్వండి. పాత్ర వర్గం (క్లాస్) ‘రోగ్’. అందులో ‘ఇన్‌క్విజిటివ్’ శాఖ అపరాధ పరిశోధకులకు సరిగ్గా సరిపోతుంది.

చిక్కల్లా ఒకటే. పాచిక తక్కువ పడితే హోమ్స్‌కైనా ఆధారం దొరకదు, కథ ఆగిపోతుంది. దీనికి విరుగుడు మరో ఆట పద్ధతిలో ఉంది. ఆటల రచయిత రాబిన్ లాస్ రూపొందించిన ‘గమ్‌షూ’ పద్ధతిలో, తగిన నైపుణ్యం ఉన్నవాడు సరైన చోట వెతికితే కీలకమైన ఆధారం తప్పక దొరుకుతుంది. దాని అర్థం తేల్చడమే ఆటగాడి పని. హోమ్స్‌కి న్యాయం చేసేది ఈ పద్ధతే.

ఒక స్నేహితుడికి వాట్సన్ పాత్ర కూడా ఇవ్వండి. హోమ్స్ ఆలోచన పైకి వినిపించాలంటే పక్కన అడిగేవాడు ఉండాలి.