కొన్న ధర, కరెంటు బిల్లు

పట్టభద్రులారా, రేపు మీలో చాలామంది ప్రభుత్వ భవనాలకు ఎస్టిమేట్లు వేస్తారు, టెండర్లు రాస్తారు. అందుకే ఒక సీలింగు ఫ్యాను లెక్క మీ ముందు పెడుతున్నాను. పాత రకం ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ) మోటారున్నది 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 250 రోజులు తిరిగితే 90 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 8 రూపాయలనుకుంటే 720 రూపాయలు. బీఎల్‌డీసీ ఫ్యానుకు ఎక్కువగా పెట్టిన సొమ్ము రెండు మూడేళ్లలో తిరిగొస్తుంది, ఫ్యాను మాత్రం పదేళ్లు తిరుగుతుంది. అయినా తక్కువ ధర కోట్ చేసినవారికే ఆర్డరు వెళుతుంది. ఇది తెలియనితనం కాదు. కొనుగోలు ఒక పద్దు, కరెంటు బిల్లు మరో పద్దు. బిల్లు కట్టేవారిని కొనేముందు ఎవరూ అడగరు.

చట్టం లేదా అంటే ఉంది. 2001లో ఇంధన పొదుపు చట్టం, 2007లో భవనాల ఇంధన కోడ్ వచ్చాయి, 2017లో ఆ కోడ్‌ను సవరించారు కూడా. కానీ అది ప్రధానంగా 100 కిలోవాట్ల లోడు దాటిన భవనాలకు. మండల కార్యాలయం, ఊరి బడి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చాలావరకు దాని పరిధిలోకి రావు. అక్కడ పొదుపు నిలిచేది కొనుగోలు నిబంధనలోనే.

కనిష్ఠ ధర నియమం అవినీతికి అడ్డుకట్ట కదా అని ఆడిటర్లు అంటారు. ఆ భయం న్యాయమైనదే. అయితే వాడే గంటలు, యూనిట్ ధర, వస్తువు ఆయుష్షు టెండరులోనే ముందుగా ప్రకటించి, మొత్తం ఖర్చు ఎవరిది తక్కువో వారికే ఆర్డరిస్తే, ఆ లెక్కను ఎవరైనా సరిచూడవచ్చు. మంచి వస్తువు ఎప్పుడూ ఖరీదేనన్న మాటకు ఎల్‌ఈడీ బల్బు జవాబు చెప్పింది. ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ టోకున కొన్నప్పుడు, 2014లో 310 రూపాయలున్న ధర 2016కి 38కి దిగింది. ప్రపంచమంతటా ధరలు తగ్గుతున్న కాలమే అది, నిజమే. కానీ కోట్ల బల్బులు కొంటామన్న హామీ లేకపోతే ఇంత వేగంగా దిగేది కాదని నా నమ్మకం.

మీ చేతికొచ్చే మొదటి ఎస్టిమేటులో ధర పక్కన ఇంకో గడి గీసి, పదేళ్ల కరెంటు ఖర్చు రాయండి. పై అధికారి కొట్టేస్తే, కొట్టేసిన సంగతి ఫైల్లోనే ఉండనివ్వండి.